పాటలు అమ్మేయమంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: నాకు 36 ఏళ్ళు. ఖమ్మంలో ఒక ప్రైవేట్ స్కూల్లో తెలుగు చెబుతాను. చిన్నప్పటి నుంచి పాటలు రాసుకోవడం, పాడుకోవడం అలవాటు. నాతో డిగ్రీ చదివిన స్నేహితుడు కీబోర్డు బాగా వాయిస్తాడు. నేను రాసినవాటికి అతను ట్యూన్లు కట్టాడు. 2021లో చిట్టీ ఎత్తిన డబ్బుతో నాలుగు పాటలు స్టూడియోలో రికార్డు చేసి, ఒకదానికి వీడియో కూడా తీసి యూట్యూబ్‌లో పెట్టాం. అంతా కలిపి లక్షా ఎనభై వేల దాకా అయింది. చుట్టాలు చూశారు, స్టాఫ్‌రూమ్‌లో వాళ్ళు చూశారు, అక్కడితో ఆగిపోయింది. ఇప్పుడు ఒక ఫోక్ చానెల్ వాళ్ళు ఫోన్ చేసి, నాలుగు పాటలకూ కలిపి 60 వేలు ఇస్తాం, అన్ని హక్కులూ రాసివ్వండి అంటున్నారు. మావారు “వచ్చిందే చాలు, ఇచ్చేయ్” అంటున్నారు. స్నేహితుడేమో “37 ఏళ్ళ తర్వాత నంబర్ వన్ అయిన పాటలున్నాయి, మనది కూడా ఎప్పుడో పేలుతుంది, ఆగు” అని ఇంగ్లిష్ పాటల లింకులు పంపుతున్నాడు. రోజూ పడుకునే ముందు వ్యూస్ చూసుకోవడం, ఆ తర్వాత నిద్ర పట్టకపోవడం. అమ్మేయనా, ఆగనా? అసలు ఈ వయసులో ఇంకా పాడాలనుకోవడం పిచ్చితనమా? (పేరు వేయకండి.)

జవాబు: అన్ని హక్కులూ రాసిచ్చే కాగితం మీద మాత్రం సంతకం పెట్టకండి. మీ స్నేహితుడు చెప్పిన కారణం వేరు, నేను చెప్పబోయే కారణం వేరు. ఎప్పుడో పేలుతుందని కూర్చోవడమే మీ ప్లాన్ అయితే నేను మీవారి వైపే ఉంటాను.

ఆయన పంపిన 37 ఏళ్ళ పాట ఏదో ఊహించగలను. బ్రిటిష్ గాయని కేట్ బుష్ పాడిన ‘రన్నింగ్ అప్ దట్ హిల్’ అయి ఉంటుంది. 1985లో వచ్చిన పాట. 2022 మే నెలాఖరున నెట్‌ఫ్లిక్స్‌లో ‘స్ట్రేంజర్ థింగ్స్’ నాలుగో సీజన్ వచ్చింది. అందులో మ్యాక్స్ అనే అమ్మాయిని ఒక రాక్షసుడు మాయలో బంధిస్తాడు. స్నేహితులు కంగారుగా క్యాసెట్లు వెతికి, ఆ అమ్మాయికి ఇష్టమైన పాటను వాక్‌మన్‌లో పెట్టి చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలిస్తారు. ఆ పాట వింటూ ఆమె పరుగెత్తి బయటపడుతుంది. ఆ సీన్ చూసిన పిల్లలు, ఆ పాట పుట్టేనాటికి తమ అమ్మానాన్నలకే ఊహ తెలియని పిల్లలు, లక్షల్లో వెళ్ళి దాన్ని విన్నారు. జూన్ మధ్యకల్లా బ్రిటన్‌లో నంబర్ వన్. అప్పటికి ఆవిడ వయసు 63. అంతకుముందు ఆవిడకు నంబర్ వన్ వచ్చింది 1978లో, అంటే 44 ఏళ్ళ కిందట.

ఇంతవరకూ మీ స్నేహితుడు చెప్పే ఉంటారు. చెప్పని సంగతి ఒకటుంది. ఆ పాట 1985లో ఫ్లాప్ కాదు. బ్రిటన్‌లో మూడో స్థానం దాకా వెళ్ళింది. ఆ పాట ఉన్న ఆల్బమ్ నంబర్ వన్ అయింది. అమెరికాలో మాత్రం 30 దగ్గర ఆగింది, 2022లో అక్కడా మూడుకు చేరింది. కాబట్టి అది ఎవరూ వినని పాటకు పట్టిన అదృష్టం కాదు. ఒకప్పుడు లక్షలమంది విన్న పాటను వాళ్ళ పిల్లలు మళ్ళీ విన్నారు. 2020లో ఒకాయన స్కేట్‌బోర్డు మీద క్రాన్‌బెర్రీ జ్యూస్ తాగుతూ తీసుకున్న టిక్‌టాక్ వీడియోతో ఫ్లీట్‌వుడ్ మ్యాక్ పాట ‘డ్రీమ్స్’ మళ్ళీ చార్టుల్లోకి వచ్చింది. అది కూడా 1977లో అమెరికాలో నంబర్ వన్ అయిన పాటే. వాట్సాప్‌లో తిరిగే ఇలాంటి కథల్లో సగం ఈ రకమే. వాటిని చూసి మీ పాట గురించి లెక్కలు వేసుకోకండి.

అయినా కేట్ బుష్ సంగతి ఇంకాస్త చెప్పాలి. మీకు పనికొచ్చే ముక్క అక్కడే ఉంది. 1982లో ఆవిడ తీసిన ఆల్బమ్ అంతకుముందు వాటంతగా అమ్ముడుపోలేదు. కంపెనీకి నచ్చలేదు. ఆవిడ లండన్ స్టూడియోల అద్దెలు, గంటల లెక్కలు వదిలేసి, తన వాళ్ళ ఇంటి పక్కనే సొంత స్టూడియో కట్టించుకుంది. మాటలు తనవే, ట్యూన్ తనదే, ప్రొడ్యూస్ చేసింది కూడా తనే. పాటకు మొదట పెట్టుకున్న పేరు ‘ఎ డీల్ విత్ గాడ్’. దేవుడి పేరుంటే కొన్ని దేశాల్లో రేడియోలు వేయవని కంపెనీ భయపడితే, పేరు విషయంలో ఒక మెట్టు దిగింది. హక్కుల విషయంలో దిగలేదు. ఆ రికార్డింగ్ ఇప్పుడు ఆవిడ సొంత కంపెనీ పేరు మీదే ఉంది. సిరీస్ వాళ్ళు పాట వాడుకోవాలంటే ఆవిడనే అడిగారు. ఎక్కడ, ఎలా వాడతారో తెలుసుకుని ఒప్పుకుంది. 37 ఏళ్ళ తర్వాత ఆ పాట తెచ్చిన డబ్బు నేరుగా ఎవరి ఇంటికి చేరిందో వేరే చెప్పక్కర్లేదు కదా.

చార్టులో చోటు దొరకడం కూడా అంత సాఫీగా జరగలేదు. బ్రిటన్ చార్టులో ఒక నిబంధన ఉంది. డబ్బు కట్టి వినేవాళ్ళ లెక్కలో కొత్త పాటకు 100 స్ట్రీమ్‌లు ఒక అమ్మకంతో సమానం. పాతబడిన పాటకు 200 ఉండాలి. పాత పాటలు కొత్తవాటికి చోటివ్వకుండా తిష్ఠ వేసుకోకూడదని ఆ ఏర్పాటు. దానివల్ల జూన్ రెండో వారంలో అందరికంటే ఎక్కువగా విన్నది ఈ పాటనే అయినా చార్టులో రెండో స్థానమే దక్కింది. హ్యారీ స్టైల్స్ పాట పైన ఉంది. తర్వాతి వారం చార్టు కంపెనీ ఈ పాటకు మినహాయింపు ఇచ్చింది, అప్పుడు నంబర్ వన్. పాట మారలేదు, వినేవాళ్ళు మారలేదు, లెక్క మారింది.

చార్టుల చరిత్రలో ఇలాంటివి కుప్పలు. మరియా కేరీ క్రిస్మస్ పాట 1994లో వచ్చింది. ప్రతి డిసెంబర్‌లో అమెరికాలో ఏ షాపులోకి వెళ్ళినా వినపడే పాట. కానీ అప్పట్లో దాన్ని విడిగా సింగిల్‌గా అమ్మలేదు. విడిగా అమ్మని పాటకు అమెరికా ప్రధాన చార్టు అయిన బిల్‌బోర్డ్ హాట్ 100లో చోటుండేది కాదు. 1998 చివర్లో ఆ నిబంధన ఎత్తేశారు. స్ట్రీమింగ్ వచ్చాక, 2019లో, పుట్టిన 25 ఏళ్ళకు ఆ పాట నంబర్ వన్ అయింది. బ్రెండా లీ కథ ఇంకా చిత్రం. 13 ఏళ్ళ వయసులో, 1958లో పాడిన క్రిస్మస్ పాట 2023 డిసెంబర్‌లో నంబర్ వన్‌కు చేరింది. అప్పటికి ఆవిడకు 78 ఏళ్ళు.

‘గంగ్నం స్టైల్’ మీకు గుర్తుండే ఉంటుంది, మన పెళ్ళి బరాతుల్లో కూడా మోగింది. 2012 డిసెంబర్‌లో యూట్యూబ్‌లో వంద కోట్ల వ్యూస్ దాటిన మొట్టమొదటి వీడియో అదే. ప్రపంచమంతా చూసిన ఆ పాట అమెరికా చార్టులో ఏడు వారాలపాటు రెండో స్థానంలోనే ఉండిపోయింది. కారణం, అప్పటి లెక్కలో రేడియో వాటా పెద్దది, యూట్యూబ్ వ్యూస్‌కు చోటే లేదు. కొరియన్ భాషలో ఉన్న పాటను రేడియోలు తక్కువగా వేశాయి. మరుసటి ఏడాది, అంటే 2013 ఫిబ్రవరిలో, బిల్‌బోర్డ్ యూట్యూబ్‌ను లెక్కలోకి తెచ్చింది. ఆ వారమే ‘హార్లెమ్ షేక్’ అనే ముక్క పాట నేరుగా నంబర్ వన్‌లో దిగింది. నన్నడిగితే ‘గంగ్నం స్టైల్’ పాడిన సై ఆ ఏడు వారాలు నష్టపోయాడు.

ఇదంతా ఎందుకంటే, మీరు రోజూ పడుకోబోయే ముందు చూసుకుంటున్న అంకె కూడా అలాంటి ఒక లెక్కే. అది మీ పాట ఎలా ఉందో చెప్పదు. పోయినవారం ఆ యాప్ మీ పాటను ఎంతమంది ముందు పెట్టిందో చెబుతుంది, అంతే. యూట్యూబ్ స్టూడియో యాప్‌ను ఫోన్‌లోంచి తీసేయండి. నెలకోసారి స్కూల్ కంప్యూటర్‌లో చూసుకుంటే చాలు.

ఇప్పుడు మీ స్నేహితుడికి నిజంగా అనుకూలంగా ఉన్న కేసు చూద్దాం. దక్షిణ కొరియాలో బ్రేవ్ గర్ల్స్ అని ఒక అమ్మాయిల గ్రూపు. 2017లో ‘రోలిన్’ అనే పాట తీశారు. నడవలేదు. పెద్ద టీవీ షోలు పిలవలేదు. పిలిచింది సైన్యం వాళ్ళు. ఉత్తర కొరియా సరిహద్దు దగ్గరి దీవులతో సహా ఎక్కడెక్కడో ఉన్న క్యాంపులకు వెళ్ళి, సైనికుల ముందు ఆ పాటే మళ్ళీ మళ్ళీ పాడారు, ఆడారు. కుర్రాళ్ళకు ఆ పాట కంఠతా వచ్చేసింది. సీనియర్లు వెళ్ళిపోతూ జూనియర్లకు అప్పజెప్పిపోయేవారట. నాలుగేళ్ళు గడిచాయి. గ్రూపు ఇక మూసేద్దామనే మాటలు నడుస్తున్నాయి. 2021 ఫిబ్రవరిలో ఎవరో ఒక యూట్యూబర్ ఆ క్యాంపుల వీడియోలన్నీ ఒకచోట కుట్టి, కింద వచ్చిన చమత్కారపు కామెంట్లు జోడించి పెట్టాడు. సైనికులు గొంతు చించుకుని కేకలు వేస్తుంటే అమ్మాయిలు నవ్వుతూ ఆడటం చూసి దేశం మొత్తానికి ముచ్చటేసింది. మార్చికల్లా కొరియా చార్టుల్లో ‘రోలిన్’ నంబర్ వన్.

దీనికంటే ఆరేళ్ళ ముందు ఎగ్జిడ్ అనే మరో గ్రూపుకు కూడా ఇలాగే జరిగింది. పాట చార్టు కిందికి జారిపోయాక, ఒక అభిమాని స్టేజీ ముందు నిలబడి గ్రూపులోని హానీ అనే ఒక్క అమ్మాయి మీదే కెమెరా పెట్టి తీసిన వీడియో పాకిపోయి, 2015 జనవరిలో పాట టీవీ షోల్లో మొదటి స్థానానికి వచ్చింది.

మన దగ్గర మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ చూడండి. పాట 2021లో ముందే వచ్చింది. కొన్ని నెలల తర్వాత మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు బరాత్‌లో ఆ పాటకు డాన్స్ చేసింది. ఎవరో ఫోన్‌లో తీశారు. ఇక ఆ ఏడాది తెలుగునాట ఆ పాట లేకుండా బరాత్ కదల్లేదు. పాట ఎప్పుడు ఎవరి చేతిలో పడుతుందో పాడినవాళ్ళకు కూడా తెలియదు.

అయితే వీటన్నిటిలో ఒక పోలిక ఉంది. బ్రేవ్ గర్ల్స్ నాలుగేళ్ళు ఆ పాటను యూట్యూబ్‌లో పెట్టి వదిలేసి కూర్చోలేదు. మనుషుల ముందు పాడుతూనే ఉన్నారు. పెళ్ళికూతురికి ఆ పాట తెలిసింది అప్పటికే అది పదిమంది నోళ్ళలో నానింది కాబట్టి. మీ నాలుగు పాటలు రికార్డింగ్ తర్వాత ఎన్ని సార్లు జనం ముందు పాడారు? ఉత్తరంలో ఆ మాటే లేదు. మీ ఊళ్ళో బతుకమ్మకు, స్కూల్ వార్షికోత్సవానికి, భక్త రామదాసు కళాక్షేత్రంలో జరిగే ఏదో ఒక కార్యక్రమానికి అవకాశం ఉంటుంది కదా.

ఇంకొకటి కూడా చెప్పాలి, లేకపోతే నేనూ మీ స్నేహితుడిలాగే లింకులు పంపినవాణ్ణవుతాను. బ్రేవ్ గర్ల్స్ ఆ హిట్ తర్వాత కంపెనీతో ఉన్నది రెండేళ్ళు. 2023 ఫిబ్రవరిలో కాంట్రాక్టు ముగిసింది, పాత పేరు కూడా వదులుకుని కొత్త పేరుతో వేరే కంపెనీకి వెళ్ళాల్సి వచ్చింది. ఇక, మళ్ళీ లేవని పాటల గురించి ఎవరూ కథలు రాయరు. అవి లెక్కకు కూడా అందవు.

ఇప్పుడు అసలు విషయం, హక్కులు. సాలమన్ లిండా అనే దక్షిణాఫ్రికా గాయకుడి కథ చెప్పకుండా నేను ఎవరికీ ఈ సలహా ఇవ్వను. జులూ మనిషి, పల్లెలో పశువులు కాచినవాడు. జోహనెస్‌బర్గ్ వచ్చి గాలో అనే రికార్డు కంపెనీలో ప్యాకింగ్ పని చేసేవాడు. 1939లో అదే కంపెనీ స్టూడియోలో తన బృందంతో ‘మ్బూబే’ అనే పాట రికార్డు చేశాడు. మ్బూబే అంటే సింహం. వెనక మగగొంతులు బరువుగా ఒకే వరస తిప్పుతుంటే, ఆయన పైన సన్నని గొంతుతో ఆలపిస్తుంటాడు. టేకు చివర్లో, అప్పటికప్పుడు, కొన్ని స్వరాలు కొత్తగా అల్లేశాడు. ఆ కొన్ని క్షణాల్లో పుట్టిన ట్యూనే తర్వాత ప్రపంచమంతా తిరిగింది. రికార్డు ఆఫ్రికాలో బాగా అమ్ముడుపోయింది. అమెరికాలో జానపద గాయకుడు పీట్ సీగర్ చేతికి చేరింది, ఆయన బృందం పాడింది. 1961లో టోకెన్స్ అనే బృందం ఇంగ్లిష్ మాటలు పెట్టి పాడితే ‘ద లయన్ స్లీప్స్ టునైట్’ అయి అమెరికాలో నంబర్ వన్ అయింది. 1994లో డిస్నీ వాళ్ళ ‘ద లయన్ కింగ్’ సినిమాలో కూడా వినిపించింది. మీ స్కూల్ పిల్లలకు కూడా ఆ ట్యూన్ తెలుసు, పేరు తెలియకపోయినా.

లిండా ఆ పాట హక్కులు పది షిల్లింగులకు కంపెనీకి రాసిచ్చేశాడు. 1962లో పేదవాడిగానే చనిపోయాడు. సమాధి మీద రాయి పెట్టించడానికి కూడా ఇంట్లోవాళ్ళకు ఏళ్ళు పట్టింది. చివరికి ఆయన కూతుళ్ళకు దారి చూపింది ఒక పాత బ్రిటిష్ చట్టం. 1911 నాటి ఆ చట్టం ప్రకారం రచయిత చనిపోయిన 25 ఏళ్ళకు హక్కులు వారసులకు తిరిగి రావాలి. ఆ క్లాజు పట్టుకుని లాయర్లు 2004లో డిస్నీ మీద కేసు వేశారు, 2006లో రాజీ కుదిరింది. పాట పుట్టిన 67 ఏళ్ళకు.

డెట్రాయిట్‌కు చెందిన రోడ్రిగెజ్‌ది మరో రకం. 1970, 71లో రెండు ఆల్బమ్‌లు తీశాడు, అమెరికాలో ఎవరూ కొనలేదు. పాత ఇళ్ళు కూలగొట్టే పనిలో చేరిపోయాడు. దక్షిణాఫ్రికాలో మాత్రం ఆ పాటలు ఇంటింటా మోగాయి, అక్కడివాళ్ళు ఆయన ఎప్పుడో స్టేజీ మీదే చనిపోయాడని నమ్మారు కూడా. కూతురు ఇంటర్నెట్‌లో అభిమానుల వెబ్‌సైటు చూసేదాకా ఆయనకు ఈ సంగతే తెలియదు. 1998లో అక్కడికి వెళ్ళి కిక్కిరిసిన హాళ్ళలో పాడాడు. అన్నేళ్ళు అమ్ముడుపోయిన రికార్డుల డబ్బు మాత్రం ఆయన దాకా రాలేదు.

పేరు ఆలస్యంగా వచ్చిన కథలన్నిట్లో నేను చూసేది ఇదే. అదృష్టం ఎప్పుడొస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. వచ్చిన రోజున కాగితం మీద ఎవరి పేరుందన్నది మాత్రం, ఇదిగో, ఇప్పుడు మీ చేతిలో ఉంది.

మీ నాలుగు పాటల్లో ఎవరికి ఏముందో విడదీసి చూసుకోండి. మాటలు రాసింది మీరు, ఆ హక్కు మీది. ట్యూన్ కట్టింది మీ స్నేహితుడు. మీ మధ్య వేరే ఒప్పందమేదీ లేకపోతే ఆ హక్కు ఆయనది. అంటే మీరూ మీవారూ ఒప్పుకున్నా సరిపోదు, ఆయన సంతకం కూడా కావాలి. స్టూడియోలో తయారైన రికార్డింగ్ హక్కు, పూనుకుని డబ్బు పెట్టి చేయించినవాళ్ళది, అంటే చిట్టీ డబ్బు మీదైతే మీదే. పాడినందుకు గాయనిగా మీకు మరో హక్కు ఉంది. చానెల్ వాళ్ళు “అన్ని హక్కులూ” అన్న ఒక్క మాటలో ఈ నాలుగింటినీ చుట్టేశారు.

మన చట్టం, ముఖ్యంగా 2012లో కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ, రాసేవాళ్ళకు, ట్యూన్ కట్టేవాళ్ళకు బాగానే అండగా నిలిచింది. మాటలకు, సంగీతానికి వచ్చే రాయల్టీలో సమాన వాటా అందుకునే హక్కును మీరు వదులుకుంటున్నట్టు రాసిచ్చినా చెల్లదు. వారసులకు గానీ, వసూలు చేసిపెట్టే కాపీరైట్ సొసైటీకి గానీ తప్ప ఎవరికీ బదిలీ చేయలేరు. హక్కుల బదిలీ రాతపూర్వకంగానే ఉండాలి. ఎన్నేళ్ళకో రాయకపోతే ఐదేళ్ళకే అనుకోవాలి. ఏ ప్రాంతానికో రాయకపోతే భారతదేశానికే. అందుకే వాళ్ళ కాగితంలో “శాశ్వతంగా, ప్రపంచమంతటా” అన్న మాటలుంటాయి చూడండి. అవి ఊరికే పడిన మాటలు కావు.

పొలం అమ్మకుండా కౌలుకిచ్చినట్టు, పాటను కూడా లైసెన్స్ కింద ఇవ్వొచ్చు. మూడేళ్ళకో ఐదేళ్ళకో, యూట్యూబ్‌కూ ఆడియో యాప్‌లకూ మాత్రమే, వచ్చినదాంట్లో ఇంత శాతం అని రాసుకుని ఇవ్వండి. సినిమాలో గానీ ప్రకటనలో గానీ వాడాలంటే మళ్ళీ మిమ్మల్ని అడగాలి. గడువు తీరాక పాట మీ దగ్గరికి తిరిగొస్తుంది. అడ్వాన్సు 60 వేలకు బదులు 20 వేలే ఇస్తామన్నా నేనైతే అదే తీసుకోమంటాను.

కాగితంలో ఇంకో క్లాజు ఉందేమో కళ్ళజోడు పెట్టుకుని వెతకండి. ఈ పాటలను మీరు మళ్ళీ రికార్డు చేయకూడదని, ఎక్కడా పాడకూడదని ఉంటుంది. టేలర్ స్విఫ్ట్ మొదటి ఆరు ఆల్బమ్‌ల రికార్డింగులు 2019లో ఆవిడ ప్రమేయం లేకుండా చేతులు మారాయి. మాటలు, ట్యూన్లు తనవి కాబట్టి, కాంట్రాక్టులో గడువు తీరగానే 2021 నుంచి అవే పాటలు మళ్ళీ పాడి కొత్తగా విడుదల చేసింది, అవి కూడా నంబర్ వన్ అయ్యాయి. 2025లో పాత రికార్డింగులు కూడా కొనేసుకుంది. ఆవిడ దగ్గర డబ్బుంది, లాయర్లున్నారు. మీరు రాసిచ్చేశాక చానెల్ వాళ్ళు ఆ పాటలను కంటెంట్ ఐడీలో, అంటే ఎవరి పాట ఎవరు వాడారో యూట్యూబ్ పట్టుకునే ఏర్పాటులో, తమ పేరున పెట్టుకుంటే, స్కూల్ ఫంక్షన్‌లో మీరు పాడిన వీడియో పెట్టినా మీకే కాపీరైట్ క్లెయిమ్ రావచ్చు. ఇది మాత్రం ఒప్పుకోకండి.

మీవారి మాట కూడా తీసిపారేయకండి. లక్షా ఎనభై వేలు మధ్యతరగతి ఇంట్లో చిన్న డబ్బు కాదు. అది పోయిన డబ్బని ఆయన అనుకుంటున్నారు, అందులో తప్పు లేదు. ఆయనతో ఒక మాట అనుకోండి. ఇకమీదట పాట కోసం ఇంటి డబ్బు, చిట్టీ డబ్బు వాడేది లేదు. లైసెన్స్ మీద వచ్చేదీ, ప్రోగ్రాముల్లో ఇచ్చేదీ ఏదుంటే దాంట్లోనే తర్వాతి పాట. ఫోన్‌లో రికార్డు చేసినా ఫర్వాలేదు. లిల్ నాస్ ఎక్స్ అనే కుర్రాడు 30 డాలర్లు పెట్టి ఇంటర్నెట్‌లో కొన్న బీట్ మీద ‘ఓల్డ్ టౌన్ రోడ్’ పాడాడు. బిల్‌బోర్డ్ వాళ్ళు అది కంట్రీ పాట, అంటే అమెరికా పల్లెల బాణీ పాట, కాదని కంట్రీ చార్టులోంచి తీసేశారు. 2019లో అదే పాట హాట్ 100లో 19 వారాలు నంబర్ వన్‌గా కూర్చుంది, అప్పటికి అదే రికార్డు. మీకూ అలా అవుతుందని కాదు నేను చెప్పేది. ఖర్చుకీ ఫలితానికీ ఈ రంగంలో పొంతన లేదు, అప్పు చేసి వీడియో తీయాల్సిన పని లేదు, అంతవరకే.

ఇక మూడో ప్రశ్న, ఈ వయసులో పాడటం గురించి. టీనా టర్నర్ భర్త నుంచి విడిపోయాక ఏళ్ళ తరబడి అప్పులు తీర్చుకుంటూ హోటళ్ళలో, క్లబ్బుల్లో పాడింది. 1984లో, 44 ఏళ్ళ వయసులో, అమెరికాలో నంబర్ వన్ కొట్టింది. రిక్ ఆస్లీ తిరగేసిన కథ. 1987లో 21 ఏళ్ళకే నంబర్ వన్, 27 ఏళ్ళకు చాలనుకుని పాప పెంపకానికి ఇంటికి వెళ్ళిపోయాడు. 2007 ప్రాంతంలో ఇంటర్నెట్ కుర్రాళ్ళు అతని పాట లింకుతో ఒకరినొకరు ఆటపట్టించడం మొదలుపెట్టారు. ఆ ఎగతాళికి కోపం తెచ్చుకోలేదు. 50 ఏళ్ళ వయసులో వాయిద్యాలన్నీ తనే వాయించి ఒక ఆల్బమ్ చేస్తే, 2016లో బ్రిటన్‌లో నంబర్ వన్ అయింది.

నాకు అందరికంటే ఇష్టమైన మనిషి మాత్రం నంబర్ వన్ ఛాయలకు కూడా వెళ్ళలేదు. ఇంగ్లండ్ గాయని వాష్తి బన్యన్. 1970లో ఒక్క ఆల్బమ్ తీసింది, ఎవరూ పట్టించుకోలేదు. మనసు విరిగి గిటార్ పక్కన పడేసింది. పల్లెల్లో ఉంటూ పిల్లల్ని పెంచుకుంది, తన పాట ఇంట్లో కూడా వినిపించేది కాదు. పాతికేళ్ళ తర్వాత కంప్యూటర్ కొనుక్కుని తన పేరు వెతికితే, ఆ రికార్డు కోసం జనం వెతుకుతున్నారని తెలిసింది. 2000లో మళ్ళీ విడుదల చేశారు. 2005లో రెండో ఆల్బమ్ చేసింది, మొదటిదానికి 35 ఏళ్ళ తర్వాత. ఆ రెండోది వినండి. గొంతు అలాగే సన్నగా, చెవిలో చెప్పినట్టు ఉంటుంది. చార్టుల గొడవ పక్కన పెట్టి చూస్తే, ఆవిడకు జరిగిన నష్టం ఆల్బమ్ అమ్ముడుపోకపోవడం కాదు, దానివల్ల మధ్యలో అన్నేళ్ళు పాడకపోవడం. మీకు 36. పాడండి.

ఈ వారం చేయాల్సింది చెబుతాను. మొదట స్నేహితుణ్ణి ఇంటికి పిలిచి, మీవారిని కూడా కూర్చోబెట్టి, మాటలెవరివి, ట్యూన్లెవరివి, డబ్బెవరిది, వచ్చేదాంట్లో వాటాలెంత అన్నది ఒక తెల్ల కాగితం మీద రాసి ముగ్గురూ సంతకాలు పెట్టండి. స్నేహం బాగున్నప్పుడే ఈ పని చేయాలి. తర్వాత మీరిద్దరూ ఐపీఆర్ఎస్‌లో, అంటే పాటల రచయితలకు, సంగీత దర్శకులకు రాయల్టీ వసూలు చేసిపెట్టే సొసైటీలో సభ్యత్వానికి దరఖాస్తు చేసుకోండి. ఆ తర్వాతే చానెల్ వాళ్ళకు ఫోన్ కాకుండా మెసేజ్ పెట్టండి: “హక్కులు అమ్మడం లేదండీ. మూడేళ్ళ లైసెన్స్‌కైతే ఇష్టమే. గడువు, వాటా, ఏయే ప్లాట్‌ఫారాలు అన్నవి రాసి డ్రాఫ్ట్ అగ్రిమెంట్ పంపండి.” కుదరదంటే వదిలేయండి. డ్రాఫ్ట్ పంపితే కాపీరైట్ తెలిసిన లాయర్‌కు ఒకసారి చూపించి, ఆ ఫీజు మాత్రం ఇంటి డబ్బులోంచే ఇవ్వండి, మీవారు ఏమీ అనుకోరు.